టెట్ సంగతి అలా ఉంచి: టీచర్ చదువుతూ ఉంటే క్లాసులో నిజంగా ఏం మారుతుంది?

పల్నాడు ఎస్‌జీటీ (ఆదివారం, సాయంత్రం 6:40)

టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) తీర్పు వచ్చినప్పటి నుంచి మా మండలం వాట్సాప్ గ్రూపుల్లో వేరే మాట లేదు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు చెప్పింది అందరికీ తెలిసిందే. ఇంకా ఐదేళ్ళకు మించి సర్వీసు ఉన్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలి. ఐదేళ్ళలోపు ఉన్నవాళ్ళు రిటైరయ్యేదాకా కొనసాగొచ్చు గానీ టెట్ లేకుండా ప్రమోషన్ లేదు. దాని న్యాయాన్యాయాల మీద ఇక్కడే వేరే థ్రెడ్ నడుస్తోంది కాబట్టి ఆ మాటలు అక్కడే ఉంచుదాం.

నేను అడిగేది వేరే. ఇప్పుడు ఇంట్లో పిల్లలు పడుకున్నాక కాసేపు శిశు వికాసం, పెడగాజీ (బోధనా పద్ధతులు) చదువుతున్నా. పిల్లల ఆలోచన మీద పనిచేసిన మనస్తత్వవేత్త పియాజే ప్రయోగం చదివి మర్నాడు ఒకటో తరగతిలో చేసి చూశా. ఒకేలాంటి రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, ఒక గ్లాసులోవి సన్నటి పొడుగు సీసాలోకి వంపాను. పిల్లలంతా సీసాలోనే ఎక్కువున్నాయన్నారు. మళ్ళీ గ్లాసులోకి పోస్తే "ఇప్పుడు సమానం" అన్నారు. ఇంకోసారి సీసాలోకి వంపితే మళ్ళీ సీసాలోనే ఎక్కువ! డైట్‌లో (టీచర్ ట్రైనింగ్ కాలేజీలో) చదువుకున్నప్పుడు ఇదొక బిట్టు, అంతే. ఇప్పుడు కళ్ళ ముందు జరిగింది. పది పుల్లలు దూరం దూరంగా పరిస్తే ఎక్కువనీ, దగ్గరికి జరిపితే తక్కువనీ వీళ్ళు ఎందుకంటారో అప్పుడు తెలిసింది.

పరీక్ష కోసం, సర్టిఫికెట్ కోసం కాకుండా ఊరికే నేర్చుకుంటూ ఉండటం వల్ల మీ క్లాసులో ఏం మారింది? జరిగినవి చెప్పండి.

కడప లెక్కల సార్ (ఆదివారం, సాయంత్రం 7:25)

మేడం, మీకు ఒక లెక్క ఇస్తాను. మీ స్టాఫ్‌రూమ్‌లో అడిగి చూడండి: 1¾ ÷ ½. జవాబు అడగొద్దు. ఈ లెక్క నిజంగా అవసరమయ్యే ఒక చిన్న సందర్భం చెప్పమనండి.

తలకిందులు చేసి గుణిస్తే 3½ వస్తుందని అందరం చెప్తాం. సందర్భం దగ్గరికొచ్చేసరికి ఆగిపోతాం. "ఒకటీ ముప్పావు కిలో చక్కెర ఇద్దరికి సమానంగా పంచితే..." అని మొదలుపెడతారు ఎక్కువమంది. అది 2తో భాగించడం. అరతో భాగించడం కాదు.

ఈ లెక్కను లిపింగ్ మా అనే పరిశోధకురాలు అమెరికాలో 23 మంది, చైనాలో 72 మంది ప్రైమరీ టీచర్లకు ఇచ్చి చూశారు. ఆమె పుస్తకం 1999లో వచ్చింది. అమెరికా టీచర్లలో సగం మందికి కూడా జవాబు పూర్తిగా రాలేదు, సరైన సందర్భం చెప్పినవాళ్ళు దాదాపు లేరు. చైనా టీచర్లందరికీ జవాబు వచ్చింది, వాళ్ళలో ఎక్కువమంది సందర్భాలూ చెప్పారు. నన్ను పట్టుకున్న సంగతి ఇది కాదు. డిగ్రీలు ఎక్కువున్నది అమెరికా వాళ్ళకి! చైనా టీచర్లు చాలామంది తొమ్మిదో తరగతి అయ్యాక రెండు మూడేళ్ళు టీచర్ ట్రైనింగ్ చేసి వచ్చినవాళ్ళు. మరి ఆ లోతు ఎక్కడిది? ఉద్యోగంలో చేరాక వచ్చింది. తాము చెప్పే పాఠ్యపుస్తకాన్నే మళ్ళీ మళ్ళీ చదివారు, ఈ లెక్క ఇక్కడే ఎందుకు పెట్టారని పక్క టీచర్‌తో కూర్చుని తర్కించారు, పిల్లలు చేసిన తప్పుల్ని ముందేసుకుని మాట్లాడుకున్నారు.

అందుకే నా అభిప్రాయం ఇది. టీచర్ చదువు అనగానే మనకు ఇంకో పీజీ, ఇంకో కోర్సు గుర్తొస్తాయి. చేతిలో ఉన్న ఐదో తరగతి పుస్తకాన్ని మనం ఎప్పుడైనా చదవాల్సినట్టు చదివామా?

ఒంటరి బడి, అనంతపురం (ఆదివారం, రాత్రి 8:10)

మీరు చెప్పింది బాగుంది సార్. కానీ మాది సింగిల్ టీచర్ స్కూలు. ఐదు తరగతులకీ నేనొక్కడినే. పొద్దున్నే యాప్‌లో హాజరు, మధ్యాహ్నం భోజనం వివరాలు, మధ్యలో ఓటర్ల జాబితా పని. పక్క టీచర్‌తో కూర్చోమంటున్నారు, నాకు పక్క టీచరే లేడు.

శిక్షణల సంగతి చెప్పాలంటే, ఆన్‌లైన్ కోర్సు వీడియో ఒక పక్క నడుస్తుంటుంది, ఇంకో పక్క రిజిస్టర్లు రాసుకుంటుంటాం. క్విజ్ జవాబులు గ్రూపులోకి వచ్చేస్తాయి. జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన శిక్షణలో పాల్గొనాలంది. గంటలు నిండుతున్నాయి. వాటిలో మేం ఏం నేర్చుకున్నామని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేర్చుకోమనేవాళ్ళు ముందు మాకు టైమివ్వాల.

డల్లస్ నుంచి ఒక టీచర్ (ఆదివారం, రాత్రి 8:55)

నేను గుంటూరులో కొన్నాళ్ళు చెప్పి, ఇప్పుడు టెక్సస్‌లో పబ్లిక్ స్కూల్లో సైన్స్ చెప్తున్నాను. అనంతపురం సార్ మాటతో ఏకీభవిస్తాను. ఇక్కడ మా సర్టిఫికెట్ రెన్యువల్‌కి ఐదేళ్ళలో 150 గంటలు చూపించాలి. ఇక్కడా గంటలు పూర్తి చేయడానికే కూర్చునేవాళ్ళున్నారు. నాకు నిజంగా పనికొచ్చినవి ఏవి అని వెనక్కి చూసుకుంటే ఒకటే కనిపిస్తుంది: శుక్రవారం నేర్చుకున్నది సోమవారం క్లాసులో వాడి, అది ఎలా సాగిందో మళ్ళీ ఎవరితోనైనా మాట్లాడుకోగలిగినవి. మిగతావన్నీ ఫైల్లో కాగితాలు.

కామారెడ్డి సోషల్ (ఆదివారం, రాత్రి 9:30)

నేను సోషల్ ఎస్ఏ (స్కూల్ అసిస్టెంట్). మూడేండ్ల కింద ఉర్దూ నేర్చుకునుడు మొదలువెట్టిన. మా బడి పక్కన ఉర్దూ మీడియం స్కూల్ ఉన్నది, అక్కడి టీచరమ్మ నేర్పిస్తా అన్నది. నిజాం కాలపు కాగితాలు సొంతంగా చదువుకోవాలని నా ఆశ.

నాకు దక్కింది మాత్రం వేరే. ఉర్దూల బే, పే, తే, సే అనే అక్షరాలు నాలుగూ ఒకటే పడవ లెక్క ఉంటయి. కింద ఒక చుక్క పెడితే బే, మూడు పెడితే పే. పైన రెండైతే తే, మూడైతే సే. చదువుతుంటే ఆ చుక్కలు కండ్లకు ఆనవు. పక్కన ఆమె ఓపికగ కూసున్నా నాకు చెమట పట్టేది. ఎవరన్న చూస్తే నోరు పెగలదు.

అప్పుడు నాకు మా ఎస్‌జీటీ (చిన్న తరగతుల టీచర్) దగ్గరున్న రెండో తరగతి పిల్లలు యాదికొచ్చిన్రు. ద, ధ, థ మనకు మూడు వేరువేరు అక్షరాలు. వాళ్ళకు అది ఒకటే బొమ్మ. కింద గీత ఉన్నదా, పొట్టల చుక్క ఉన్నదా అన్నది వాళ్ళ కన్ను ఇంక పట్టుకోలేదు. "ఎన్నిసార్లు చెప్పాలె" అని మనం గొంతు పెంచేది సరిగ్గ అక్కడనే. ఉర్దూ టీచరమ్మ నాకు ఒక పని చేసింది. నాలుగూ ఒకేసారి చూపియ్యకుండ రెండే పక్కపక్కన వెట్టి, చుక్కలు నాతోనే పెట్టిచ్చింది. మా ఎస్‌జీటీ మేడంకు చెప్తే ఆమె ద, ధ తోటి అట్లనే చేసింది. గీత పిల్లలే గీయాలె. వారంల తేడా కనవడ్డది.

మన సబ్జెక్టుల మనం ఎంత చదివినా ఈ అనుభవం రాదు. మనకు అస్సలు రానిది ఒకటి నేర్చుకుంటేనే రాకపోవుడు ఎట్లుంటదో మళ్ళీ తెలుస్తది.

పల్నాడు ఎస్‌జీటీ (ఆదివారం, రాత్రి 9:52)

కామారెడ్డి సార్, చుక్కలు మీతోనే పెట్టించడం చాలా బాగుంది. రేపే ప్రయత్నిస్తా.

లెక్కల సార్, మీ లెక్క మా ఆయనకిచ్చా. "ఒకటీ ముప్పావు లీటర్ల పాలు అర లీటరు ప్యాకెట్లలో పోస్తే ఎన్ని ప్యాకెట్లు?" అన్నారు. ఇది సరైనదే కదా? కానీ మూడు ప్యాకెట్లు నిండాక పావు లీటరు మిగులుతుంది. మరి జవాబు 3¼ ఎందుకు కాదు? నేనూ ఆయనా దీని మీద అరగంట మాట్లాడుకున్నాం.

కడప లెక్కల సార్ (ఆదివారం, రాత్రి 10:15)

ఆ అరగంట ఏ ట్రైనింగులోనూ దొరకదు మేడం. సందర్భం సరిగ్గా సరిపోయింది. మిగిలింది పావు లీటరే, నిజం. కానీ లెక్క అడుగుతున్నది లీటర్లు కాదు, ప్యాకెట్లు. పావు లీటరు పాలు అర లీటరు ప్యాకెట్‌లో సగానికి వస్తాయి. అందుకని మూడున్నర ప్యాకెట్లు. పిల్లలు 3¼ అని రాస్తే మనం ఇంటూ పెట్టి పంపేస్తాం. ఆ పిల్లవాడు మాత్రం సరిగ్గానే ఆలోచించాడు, దేనితో కొలుస్తున్నాడో మధ్యలో మారిపోయింది, అంతే. ఆ తేడా మనకు తెలిసి ఉంటే "మిగిలింది ఎంత? అది ప్యాకెట్‌లో ఎంత భాగం?" అని రెండు ప్రశ్నలతో వాణ్ణి జవాబు దాకా తీసుకెళ్ళొచ్చు.

రిటైర్డ్ హెచ్‌ఎం, తెనాలి (సోమవారం, ఉదయం 5:50)

అందరికీ నమస్కారం. అనంతపురం మాస్టారి బాధ న్యాయమైనది. ఒంటరి టీచర్ని నేర్చుకోలేదని తప్పుపట్టే ముందు అతనికి తోడు ఏర్పాటు చెయ్యాలి.

మా రోజుల్లో, అంటే 1980ల చివర, 90ల మొదట్లో, ప్రాథమిక విద్యా పథకం (ఎపెప్) వచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో నడిచింది. దాంట్లో టీచర్ సెంటర్లని పెట్టారు. చుట్టుపక్కల బడుల టీచర్లు అక్కడ కలిసేవాళ్ళం. ఎవరి బడిలో వాళ్ళు చేసిన సామాగ్రి పట్టుకొచ్చేవాళ్ళు: చింతగింజలు, అగ్గిపెట్టెలు, పాత కేలెండర్ల వెనక గీసిన బొమ్మలు. నాకంటే చిన్నవాడు, సర్వీసులో కొత్తవాడు, చీపురు పుల్లల కట్టలతో స్థాన విలువలు చెప్పి చూపించాడు. పదికట్ట విప్పకుండా తీసివేత ఎలా కుదరదో పిల్లలకు చేత్తో తెలిసేలా చేశాడు. అప్పు తెచ్చుకోవడం అన్న మాట నేను ఎన్నో ఏళ్ళు చెప్పాను గానీ, ఎవరి దగ్గర ఏం తెస్తున్నామో అంత స్పష్టంగా చూపించడం ఆ రోజు అతని దగ్గరే నేర్చుకున్నాను. ఉపన్యాసాల రోజున వచ్చినవాళ్ళు నిద్రపోయేవారు. ఇలాంటి రోజున మధ్యాహ్నం భోజనానికి కూడా లేచేవాళ్ళు కాదు.

అనంతపురం మాస్టారూ, మీ ఐదు తరగతుల బడికి పనికొచ్చే సంగతొకటి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బడుల్లోంచే బహుళ తరగతి బోధన పద్ధతి తయారైంది. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్లలా వరస గోడ మీద పెడతారు. పిల్లవాడు తన కార్డు తనే తీసుకుంటాడు, తన వేగంతో తను వెళ్తాడు. టీచర్ ఎవరికి అవసరమైతే వాళ్ళ దగ్గర కూర్చుంటాడు. ఒక్క సబ్జెక్టుతో, ఒక్క పాఠంతో మొదలుపెట్టి చూడండి. మీకు టైము దొరికే దారి అందులోంచే రావచ్చు.

కొండ బడి, సీతంపేట (సోమవారం, ఉదయం 7:20)

హెచ్‌ఎం గారికి నమస్తే. మాది ఏజెన్సీ. నా క్లాసులో ఎక్కువమంది సవర పిల్లలు. నేను మైదానం నుంచి వచ్చినదాన్ని.

మనకి ఆగస్టు 29 వచ్చినప్పుడు గిడుగు రామమూర్తి గారు గుర్తొస్తారు, వ్యావహారిక భాష కోసం పోరాడారని చెప్పుకుంటాం. ఆయన వృత్తి బడిపంతులని తక్కువమంది తలుచుకుంటారు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో టీచర్‌గా చేరారు. చుట్టూ కొండల్లో ఉన్న సవరల భాష వచ్చినవాణ్ణి ఇంటికి పిలిపించుకుని ఆ భాష నేర్చుకున్నారు. వాళ్ళ పిల్లల కోసం వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు. ముఖలింగం గుడి శాసనాలు చదవడానికి పాత లిపులు సొంతంగా నేర్చుకున్నారు. సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. పుట్టింది 1863లో కదా, వయసు లెక్కేసుకోండి. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో. ఆ తర్వాత రెండేళ్ళకు పోయారు.

ఆయనంత మనం చెయ్యలేం, ఆ మాట ఎవరూ అనరు. నేను చేసింది చిన్న పని. మా బడి వంటమ్మ దగ్గర రోజూ కొన్ని సవర మాటలు నేర్చుకుంటున్నాను. నేను ఒక మాట తప్పుగా పలికితే పిల్లలు పకపకా నవ్వి సరిచేస్తారు. ఆరు నెలలు నోరు విప్పని పిల్ల ఉంది మా రెండో తరగతిలో. నన్ను మొదట సరిచేసింది ఆమే! ఆ రోజు నుంచి తెలుగు వాచకం కూడా గట్టిగా చదువుతోంది. టీచర్ తప్పు పలకొచ్చు, సరిదిద్దుకోవచ్చు అని కళ్ళారా చూసింది కాబట్టి తనకీ భయం పోయిందని నా నమ్మకం.

ఇంకో మాట. ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, ప్రాథమిక వాచకాలు తయారయ్యాయి. ఏజెన్సీకి కొత్తగా వచ్చే టీచర్లు అవి దొరికితే వదలొద్దు. పిల్లల కోసమే కాదు, మనం నేర్చుకోవడానికి కూడా.

కొత్త టీచర్ 24 డీఎస్సీ (సోమవారం, మధ్యాహ్నం 1:05)

మేడం, మీరు చెప్పింది చదివితే సంతోషంగా ఉంది. కానీ నాకో సందేహం. నేను హైస్కూల్‌లో కొత్తగా చేరాను. తొమ్మిదో తరగతి పిల్లలు పరీక్షించడానికే ప్రశ్నలు వేస్తారు. అక్కడ "నాకు తెలియదు" అంటే ఇంక క్లాసు చేజారిపోతుందని సీనియర్లు చెప్తున్నారు. చిన్నపిల్లల దగ్గర చెల్లినట్టు పెద్ద క్లాసుల్లో చెల్లుతుందా?

గుంటూరు ఫిజిక్స్ (సోమవారం, మధ్యాహ్నం 2:40)

చెల్లుతుంది, ఒక షరతు మీద. తెలియదని చెప్పి అక్కడితో వదిలేస్తే నిజంగానే గౌరవం పోతుంది. "నాకు తెలియదు, రేపు చెప్తాను" అని రేపు చెప్తే పెరుగుతుంది. పిల్లలు గుర్తుపెట్టుకునేది ఆ రేపటినే.

మా సైన్సు వాళ్ళకు వేరే దారి లేదు కూడా. మనం తొమ్మిది గ్రహాలు చదివాం, 2006లో ప్లూటోను ఆ జాబితాలోంచి తీసేశారు. పారిస్ దగ్గర భద్రపరిచిన లోహపు ముద్దే కిలోగ్రాము ప్రమాణమని పరీక్షల్లో రాశాం, 2019 మే 20 నుంచి ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా నిర్వచిస్తున్నారు. నాలుక కొసన తీపి, వెనక చేదు అని బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాం, ఆ పటం సరికాదు. నాలుక మీద రుచి తెలిసే చోట్లన్నిటికీ అన్ని రుచులూ తెలుస్తాయి. ఇవి కొత్త సంగతులుగా చెప్పడం కాదు ముఖ్యం. శాస్త్రం ఎందుకు మార్చుకుందో కూడా చెప్పాలి. అది చెప్పాలంటే ముందు మనం చదవాలి.

కామారెడ్డి సార్‌కి ఇది ఇంకా బాగా తెలుసు. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, మాకు 2022లో 13 కాస్తా 26 అయ్యాయి. గోడ మీది పాత పటం చూపించి సోషల్ చెప్పగలరా?

వరంగల్ ప్రైవేట్ టీచర్ (సోమవారం, రాత్రి 8:30)

మీరంతా గవర్నమెంట్ టీచర్లు. మా సంగతి కూడా వినండ్రి. నేను ప్రైవేట్ స్కూల్ల పన్నెండేండ్లుగ చెప్తున్న. మాకు ట్రైనింగు లేదు, ఎండాకాలం జీతం లేదు. డిగ్రీ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీల చేసిన. దేశంల మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అది, 1982ల పెట్టిన్రు. ఆదివారం ఆదివారం స్టడీ సెంటర్‌కు పోయి కూసుంటుంటి. నా పక్కన కండక్టర్, అంగన్‌వాడీ టీచర్, బట్టల దుకాణంల పనిచేసే పిల్ల. పగలంత పనిచేసి వచ్చి నోట్సు రాసుకునేటోళ్ళు. వాళ్ళతోటి కూసున్నంక మా క్లాసుల నిద్రపోయే పిల్లగాన్ని చూసే కన్ను మారింది. "రాత్రి ఏడ పనిచేసినవ్‌రా" అని అడుగుతున్న ఇప్పుడు. చాలాసార్లు జవాబు ఉంటది.

మాలాంటోళ్ళకు సర్టిఫికెట్ విలువ వేరే. మీరు అది ఉత్త కాగితం అనొచ్చు, మాకు జీతం పెరిగేది దానితోనే. రెండూ ఉండాలె.

కడప లెక్కల సార్ (సోమవారం, రాత్రి 9:10)

వరంగల్ మేడం చెప్పింది సరైన మాట. సర్టిఫికెట్‌ను తీసిపారేసే హక్కు ఉద్యోగ భద్రత ఉన్న మనకు లేదు.

ఇక అనంతపురం సార్ అడిగిన టైము సంగతి. రాయలసీమలో నేను చూసినంతలో కాంప్లెక్స్ మీటింగ్ (చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే సమావేశం) ఒక్కటే ఒంటరి టీచర్‌కి పక్క టీచర్ దొరికే చోటు. ఆ రోజు సర్క్యులర్లు చదవడంతోనే గడిచిపోతోంది. జపాన్‌లో వందేళ్ళకు పైగా ఒక పద్ధతి నడుస్తోంది. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒకే ఒక పాఠం తయారుచేసుకుంటారు. ఒకరు క్లాసులో చెప్తారు. మిగతావాళ్ళు వెనక నిలబడి టీచర్‌ని కాదు, పిల్లల్ని చూస్తారు. ఎవరు ఎక్కడ ఆగారు, ఏం గీశారు, ఏం కొట్టేశారు అని. తర్వాత కూర్చుని పాఠాన్ని మార్చుకుంటారు. తప్పులెన్నడం ఉండదు, ఎందుకంటే పాఠం అందరిదీ. మా కాంప్లెక్స్‌లో ఒక గంట దీనికి అడిగి తీసుకున్నాం. హెడ్మాస్టర్ ఒప్పుకున్నారు.

ఒంటరి బడి, అనంతపురం (సోమవారం, రాత్రి 9:45)

ఒక గంటైతే మేమూ అడగగలం సార్. మా కాంప్లెక్స్‌లో నాలాంటి సింగిల్ టీచర్లు ఇంకో ముగ్గురున్నారు. ఏ పాఠంతో మొదలుపెడితే బాగుంటుంది? పెద్దది వద్దు.

పల్నాడు ఎస్‌జీటీ (సోమవారం, రాత్రి 10:05)

అయితే మనందరం ఒకే పాఠం తీసుకుందామా? నాలుగు, ఐదు తరగతులకు ⅓ పెద్దదా ¼ పెద్దదా అన్నది. మా పిల్లల్లో చాలామంది నాలుగు మూడు కంటే పెద్దది కాబట్టి ¼ పెద్దదంటారు. రొట్టె బొమ్మ గీసి చూపిస్తే ఒప్పుకుంటారు, మర్నాడు అంకెలు మాత్రమే ఇస్తే మళ్ళీ మొదటికే వస్తారు. ఆ రెంటికీ మధ్య ఏం చెప్పాలో నాకు ఇంకా పట్టు దొరకలేదు. ఈ శనివారం లోపు మీ పిల్లలు రాసిన జవాబుల ఫోటోలు ఇక్కడ పెట్టండి, పేర్లు కనపడకుండా. జవాబు పక్కన "ఎందుకు?" అని కూడా రాయించండి, అదే మనకు కావాల్సింది.

రిటైర్డ్ హెచ్‌ఎం, తెనాలి (మంగళవారం, ఉదయం 5:40)

పాఠం చూసేటప్పుడు ఒక్కొక్క టీచరూ ఒక్క బెంచీనే చూడండి. గదంతా చూస్తే ఏదీ కనపడదు. కాగితం మడిచి చేసే పద్ధతి కూడా ప్రయత్నించండి: ఒకే పొడవున్న రెండు పట్టీలు, ఒకటి మూడు మడతలు, ఒకటి నాలుగు. మూడు సమానంగా మడవడం పిల్లలకు కష్టం, ముందుగా గుర్తులు పెట్టి ఇవ్వండి. మా పక్క బడిలో ఐదో తరగతి ఉంది, నేను శుక్రవారం వెళ్ళి ఆ మేడంతో కూర్చుంటాను. ఫోటోలు శనివారం పెడతాను.